తోడుతాడు

తదియ, ఆటు

ఆరోగ్య మండలి కేంద్రంలో పనిచేసేవాళ్ళందరూ దినచర్య రాయాలట. నీటి మట్టం, గాలి దిక్కు, చుక్క రంగు, ఈ మూడు ముక్కలూ రాసి సంతకం పెడితే చాలన్నారు. నేను మూడు ముక్కలతో ఊరుకునేవాణ్ణి కాదు. నా పేరు తెడ్డు దానేసు. గొలుసుపేటలో మురుగు చూసేవాణ్ణి. బడి మొహం చూడలేదు. బియ్యం బస్తాల్లో మడిచి వచ్చే కరపత్రాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ చదువే చాలు, ఈ దేశంలో దొరల చదువులు వెలగబెట్టింది ఏమీ కనబడలేదు.

తెల్లారగానే కేంద్రం పడవ వేసుకుని వరసవరసకీ వెళ్తాను. మా ఇళ్ళన్నీ నీళ్ళలో తేలే పంట్ల మీదే. సముద్రం ఊళ్ళు మింగేశాక మిగిలినవాళ్ళం పంట్లు ఒకదాని పక్కన ఒకటి చేర్చి, ఊరంతటినీ ఒక్క పెద్ద గొలుసుతో పాత లైట్‌హౌస్‌కి కట్టుకున్నాం. ఇప్పుడు దాని తలకాయ మాత్రమే నీళ్ళ పైకి కనిపిస్తుంది. ఒక్కో పంటు కింద మురుగు గొట్టం దగ్గర సీసా పట్టి, ఒక బొట్టు చుక్క యంత్రంలో వేస్తాను. తెల్లగా వస్తే ఊరు క్షేమం.

ఈ పొద్దున ఉత్తర వరసలో ఎర్రగా వచ్చింది.

సీసా కడిగి మళ్ళీ పట్టాను. మళ్ళీ ఎరుపే. మబ్బుజ్వరం. ముందు కళ్ళు మసకేస్తాయి, తర్వాత ఒళ్ళు కాలిపోతుంది, తర్వాత ఊపిరి అందదు. గొలుసు కాపలా ముసలాడు సరంగు తాతారావు గొలుసు మీదే కూర్చుని వల అతుకుతున్నాడు. నా వాలకం చూసి పళ్ళికిలించాడు.

"ఏట్రా బావు, మురుగులో మీ మావ కనపడ్డాడేటి? మొకం అలగెట్టినావు!"

"ఎర్ర చుక్క తాతా."

నవ్వు ఆరిపోయింది. వల పక్కన పెట్టాడు. "ఆ సీసా సముద్రంలో పారీసి, తెల్లగుందని సెప్పీ. మండలోళ్లకి సెప్పి బాగుపడ్డ ఊరు నాను సూడనేదు."

"సిగ్గు నేదేటి తాతా! 'ముందు చెప్పిన ఊరికి ముందు మందు' అన్న మాట కరపత్రంలో ఎవలు రాసినారు? మన ఊరి మనిషే. డాక్టర్ గున్నమ్మ! ఏడు సముద్రాల ఆరోగ్య మండలిలో రాజులూ మంత్రులూ ఆవిడ మాటకి లేసి నిలబడతారట. ఆవిడ సెప్పమంటాది, నువ్వు దాసమంటావు!"

"గున్నమ్మ నాకు తెల్దేటి? నా కళ్ల ముందర పెరిగిన గుంట" అన్నాడు. ఇంకా ఏదో అనబోయి మానేసి వల మీదికి వంగిపోయాడు.

ఎరుపు ఎక్కడిదో వెతకనక్కర్లేదు. వలలల్లే బంగారమ్మ పంటుకి అప్పటికే తోడుతాళ్ళు పడి ఉన్నాయి. ఇది మా ఊరి పద్ధతి. ఎవరికైనా జబ్బు చేస్తే చుట్టుపక్కల పంట్లవాళ్ళు తాడు విసురుతారు. దాని మీద కప్పీ చక్రం పెట్టి గంజి, మంచినీళ్ళు పంపుతారు. తాడు పట్టుకునే ఆ పంటు మీదికి పోయి, మనిషి దగ్గర కూర్చుని ఒళ్ళు తుడుస్తారు. తాడు కట్టినవాళ్ళు ఆ ఇంటి మనుషుల కిందే లెక్క. జబ్బు తగ్గేదాకానో, మనిషి పోయేదాకానో ఆ తాడు విప్పకూడదు. కొట్లాటల్లో తల పగలగొట్టినవాణ్ణి మా ఊరు క్షమిస్తుంది. తోడుతాడు విప్పినవాణ్ణి క్షమించదు.

మా అప్ప నూకాలుకి చెప్పాను. నన్ను పెంచిన అక్క ఆవిడ. బావ ఒడ్డున కూలికి పోతే అక్కడి గోడ కాపలావాళ్ళు తిరిగి రానివ్వలేదు. పాలు తాగే కూతురితో ఒక్కతే ఉంటుంది. పిల్లకి అంటుకుంటుందని భయపడి బంగారమ్మకి ఇంకా తాడు కట్టలేదు, ఆ సిగ్గుతో తలుపేసుకుని ఉంది.

"సెప్పకురా" అంది. "నువ్వు సెప్పినాక ఆ ఓడలో వొచ్చీది మందో కత్తో ఎవలికి తెలుసు?"

"నీలాంటోళ్ల వల్లే పెపంచం ఇలగ తగలడింది!" అని అరిచాను. పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు వింటూనే కేంద్రానికి పోయి కబురు మీట నొక్కాను. నేను చేసింది తప్పు కాదు. ఎవరేమన్నా సరే, తప్పు కాదు!

చవితి, పోటు

ఆవిడే వచ్చింది! మండలి ఎవరో గుమాస్తాని పంపుతుందనుకున్నాను. డాక్టర్ పిల్లా గున్నమ్మ స్వయంగా వచ్చింది.

ఓడ చిన్నది, తెల్లటిది. నావికులు లేరు. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళు నడుపుతారట. ఓడ పైన ఒక డేగ తిరుగుతోంది. నిజం డేగ కాదు, రెక్కలున్న కన్ను. ఆవిడ పొట్టిగా, నెరిసిన జుట్టు మగవాడిలా కత్తిరించుకుని, ముఖానికి గాజులాంటి పల్చటి ముసుగు వేసుకుని పెద్ద పంటు మీదికి దిగింది. ఊరంతా మూగింది.

"ఏటి, అందరూ అలగ గుడ్లప్పగించీసినారు? నన్ను గుర్తుపట్టనేదేటి?" అంది, అచ్చం మా యాసలో. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఒకావిడ చెయ్యి పట్టుకోబోతే గున్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది, కానీ నవ్వుతూనే. "నెత్తళ్ల పులుసు ఎవులింట్లో ఉన్నాది? అది లేకపోతే తిరిగెల్లిపోతాను మరి!"

మా అప్ప పరుగున పోయి పులుసు తెచ్చింది. గున్నమ్మ గిన్నె అందుకుని, ముందు ఒక బొట్టు చుక్క యంత్రంలో వేసింది. తెల్లగా వచ్చింది. అప్పుడు ముసుగు ఎత్తి తింది. గిన్నె నాకేసింది. జనానికి కొంచెం చిన్నబుచ్చినట్టయింది గానీ, నేను మాత్రం అనుకున్నాను, శాస్త్రజ్ఞురాలంటే ఇలా ఉండాలి!

తర్వాత నావైపు తిరిగింది. "కబురు పంపింది నువ్వేనా?" ఈసారి మా యాస కాదు, పుస్తకంలా మాట్లాడింది. "మంచి పని చేశావు. ఊరంతా తిప్పి చూపించు. నాకు తాళ్ళు కావాలి."

మనుషులు కావాలి అంటుందనుకున్నాను. తాళ్ళు కావాలంది. సరే, పెద్దవాళ్ళకి ఏదో లెక్క ఉంటుందిలే అని పడవలో ఎక్కించుకున్నాను. డేగ మా నెత్తి మీదే వచ్చింది. బంగారమ్మ పంటు నుంచి ఏ తాడు ఏ పంటుకి పోయిందో, ఆ పంటుకి ఇదివరకు ఎవరెవరు తాడు కట్టి ఉన్నారో, అన్నీ చూపించాను. పేర్లతో సహా చెప్పాను. ఆవిడ చేతిలోని పలక మీద గీతలు వాటంతటవే పడుతున్నాయి.

దారిలో తన కథ చెప్పింది. ఒడ్డున కాలేజీలో చదివేటప్పుడు రాసిన మొదటి వ్యాసం మా తోడుతాడు మీదేనట.

"జబ్బు ఎవరి నుంచి ఎవరికి పోతుందో కనిపెట్టాలంటే మనుషుల్ని అడుగుతారు. మనుషులు అబద్ధం చెబుతారు, భయం. తాడు అబద్ధం చెప్పదు. అది చూపించాను. ఆ వ్యాసం పట్టుకుని నన్ను రాజధానికి పిలిచారు. అక్కణ్ణించి మండలికి. ఇప్పుడు ఎడారి దేశాల్లో ఏ గుడారానికి ఏ గుడారం నిప్పు ఇస్తుందో చూస్తారు. కొండల్లో ఎవరి పిల్లకి ఎవరు పాలిస్తారో చూస్తారు. ప్రతి జాతికీ ఒక తాడు ఉంటుంది దానేసూ. అది పట్టుకుంటే చాలు. ప్రపంచమంతా దీన్ని గొలుసుపేట పద్ధతి అంటారు."

నాకు ఛాతీ పొంగిపోయింది. ముతక కొబ్బరినార తాడు! మా ఆడవాళ్ళు పేనే తాడు! అది ప్రపంచానికి దారి చూపించిందా! ఇవాళ సంతకం పెద్దక్షరాలతో పెడుతున్నాను.

పంచమి, ఆటు

పొద్దున చుక్కలు చూసి ఓడ ఎక్కాను. బంగారమ్మకి ఊపిరి కష్టంగా ఉంది, మందు ఎప్పుడు దించుతారని అడగడానికి. ఓడ గోడ మీద మా ఊరి పటం వేలాడుతోంది. పంట్లన్నీ చుక్కలు. బంగారమ్మ చుక్క ఎరుపు. దానికి తాళ్ళతో కలిసినవన్నీ ఎరుపు. వాటికి కలిసినవీ ఎరుపు. ఉత్తర వరస మొత్తం, పడమటి వరసలో సగం. ఆ ఎరుపు చుట్టూ లావాటి నల్లగీత.

"ఈ గీత ఏమిటమ్మా?"

"కోత గీత" అంది, పలక మీంచి తల ఎత్తకుండా. "ఎర్ర చుక్కల్ని గొలుసు నుంచి విడదీస్తాం. ఆటుతో సముద్రంలోకి పోతాయి. తెల్ల చుక్కలకి మందు. ఆ పెట్టెలో సరిగ్గా వాళ్ళకి సరిపడా ఉంది."

మూలన ఇనప్పెట్టె ఉంది. దాని మీద మండలి గుర్తు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నడుముకి కట్టుకున్న కరపత్రం తీసి ఆవిడ బల్ల మీద కొట్టాను. చెమటకి తడిసి చిరిగిపోయి ఉంది. 'జబ్బు చేసినవాడు దొంగ కాదు' అన్న కరపత్రం. నేను అక్షరాలు నేర్చుకున్నది దాని మీదే.

"ఇది మీరు రాసిందేనా? ముందు చెప్పిన ఊరికి ముందు మందు అని రాసింది మీరేనా?"

"నేనే."

"మరి ఇదేమిటి? జబ్బున్నవాళ్ళని చంపి లేనివాళ్ళకి మందా?"

"జబ్బున్నవాళ్ళకి ఈ మందు పనిచెయ్యదు. తగలబోయేవాళ్ళకే పనిచేస్తుంది. తాడు కట్టినవాళ్ళలో ఎవరికి తగిలిందో, ఎవరికి తగల్లేదో తేల్చేంత వ్యవధి లేదు. ముందు చెప్పిన ఊరికి ముందు మందు. ఇస్తున్నాను కదా? నువ్వు చెప్పావు, నేను వచ్చాను. చెప్పకపోతే ఊరంతా పోయేది."

"ఇలా కోస్తారని కరపత్రంలో ఎందుకు రాయలేదు?"

"రాస్తే నువ్వు మీట నొక్కేవాడివా?"

చిరిగిన కరపత్రం ఏరుకుని మళ్ళీ నడుముకి కట్టుకున్నాను.

అప్పుడే ఓడ పక్కన పడవ తగిలిన చప్పుడు. సరంగు తాతారావు. ముసలాడికి ఎలా తెలిసిందో, డేగ ఏ పంట్ల మీద తిరుగుతోందో చూసి పసిగట్టి ఉంటాడు. కిందనించే కేకేశాడు.

"గున్నమ్మా! గొలుసు కాసీవోణ్ణి నాను. ఎవల పంటు ఇప్పాలన్నా నా సేతుల మీంచే అవ్వాల. సెప్తన్నాను, నాను ఇప్పను! మీ అమ్మ కడుపున పుట్టినదానివి కావేటి నువ్వు?"

గున్నమ్మ ఓడ అంచు కమ్మీ దగ్గరకి పోయి కిందికి చూసింది.

"మాయమ్మకి కళ్లు మసకేసినప్పుడు నువ్వు తాడు కట్నావేటి మావయ్యా?"

ముసలాడు తెడ్డు వదిలేశాడు.

"వంతు కాని నాడు మంచినీళ్ల కుళాయి ఇప్పిందని మాయమ్మని వెలేసినారు. నాకు జొరమొచ్చి నీళ్లకి ఏడిస్తే ఇప్పింది. ఆ తరవాత మాయమ్మకి మబ్బుజొరం పట్టుకున్నాది. నాను పంటు అంచుకొచ్చి మీ పంట్ల మీదకి తాళ్లు ఇసిరినాను. సిన్న గుంటని. నాకు బాగా గేపకం. నీ కాళ్ల కాడే పడ్డాది ఒకటి. నువ్వు దాన్ని కాలితో తోసీసినావు."

"గున్నమ్మా... అప్పుడు ఊరి కట్టుబాటు..."

"మాయమ్మ సచ్చిపోనాది. ఊళ్లో ఇంకెవులికీ జబ్బు రానేదు. ఒక్కలికి కూడా." నావైపు తిరిగింది. మళ్ళీ పుస్తకం గొంతు. "తాడు పడనిచోట జబ్బు ఆగింది. అదే నా మొదటి పరిశోధన. దినచర్య రాస్తున్నావుగా? రాసుకో."

రాస్తున్నాను. ప్రతి అక్షరం కాగితానికి చిల్లు పడేలా రాస్తున్నాను. గొలుసు తాళం ఇప్పుడు సరంగు చేతిలో లేదట. దానికీ మండలివాళ్ళ మీట పెట్టారు. పాపం ముసలాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎల్లుండి ఆటుకి కోత.

షష్ఠి, ఆటు

నాకు దారి దొరికింది!

రాత్రంతా కుతకుతలాడాను. తెల్లారేసరికి తట్టింది. కలిసిన పంట్లనే కదా కోస్తారు? ఊరంతా కలిస్తే? ఒక్క పంటు మిగలకుండా అందరం తాడు కడితే గీత ఎక్కడ గీస్తారు? మండలి కూడా పేరుకి భయపడేదే. ఊరికి ఊరినే సముద్రంలోకి తోసేసి రేపు ఎవరికి మొహం చూపిస్తుంది?

ముందు సరంగుకి చెప్పాను. "తాళ్లు ఇప్పీమంటే బతుకుతాం గదరా?" అన్నాడు నీరసంగా.

"ఎవలు ఇప్పుతారు తాతా? నువ్వు ఇప్పుతావా?"

ముసలాడు తల అడ్డంగా ఊపాడు. అక్కడికి తేలిపోయింది. మా ఊళ్ళో చావమంటే చస్తారు గానీ విప్పమంటే విప్పరు.

పెద్ద పంటు మీద మంచినీళ్ళ వరస నిలబడి ఉండగా బుంగ బోర్లేసి దాని మీదికి ఎక్కాను. నోరు తెరిచాక మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఒలే అమ్మలారా, ఒరే అయ్యలారా! మన తాడు సూసి మన పీకలు కోత్తారట! పేదోడు పేదోడికి గంజి పోత్తే అది నేరమట! ఉత్తర వరసోళ్లు పోతారు, మనం మందు తాగి బతుకుతాం అనుకున్నోడు ఎవడన్నా ఉంటే సెయ్యెత్తండి! సెయ్యెత్తి మీ పిల్లల మొకం సూడండి! ఊరంతా ఒక్క ముడి అయిపోదాం. ఎంతమందిని కోత్తారో సూద్దాం!"

నీళ్ళ కుళాయి కారుతూనే ఉంది. తర్వాత దక్షిణ వరస పెద్దమనిషి ఒకాయన బిందె అక్కడే వదిలేసి తన పంటుకి పరిగెత్తాడు. అంతే. నేనెన్నడూ చూడలేదు అలాంటిది. తూర్పు నుంచి, దక్షిణం నుంచి తాళ్ళు ఎగిరాయి. బంగారమ్మ పంటుకి అందనివాళ్ళు దానికి కట్టిన పంటుకి కట్టారు, దానికి అందనివాళ్ళు పక్కదానికి. పదేళ్ళుగా మాటల్లేనివాళ్ళు ఒకరి తాడు ఒకరు పట్టుకున్నారు. ఎవరో నవ్వారు, ఎవరో పాటెత్తుకున్నారు. పెళ్ళిలా ఉంది.

సరంగు పాత తాడొకటి తెచ్చాడు, నాచు పట్టి నల్లగా ఉంది. ఓడ వైపు తిరిగి, "సూడవే గున్నమ్మా! ఆ పొద్దు కట్టని తాడు, ఇయ్యాల కడతన్నాను!" అని కేక పెట్టి ముడేశాడు. ఓడ పైన డేగ తిరుగుతూనే ఉంది.

ఆఖరికి మిగిలింది మా అప్ప. పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అప్పా, నువ్వు కట్టకపోతే గీత నీ కాడ ఆగుతాది" అన్నాను. "ఒక్క పంటు తెల్లగుంటే సాలు, ఆళ్లకి సాకు."

"ఇది పాలు తాగీ పిల్లరా."

"ఊరందరికీ పిల్లలున్నారు!"

అప్ప నా కళ్ళలోకి చూసింది. "నువ్వు సదువుకున్నావు. నాకు తెల్దు. నువ్వు సెప్పినావని కడతన్నాను" అంది. పిల్లని నా చేతికిచ్చి, తాడు చుట్ట విప్పి విసిరింది. మొదటి విసురుకే అందింది. అప్ప చెయ్యి అలాంటిది.

గెలిచాం!

సప్తమి, ఆటు

తెల్లారకముందే బంగారమ్మ పోయింది. మనిషి పోతే తాళ్ళు విప్పుకోవచ్చు. ఊరంతా ఏడుస్తూ విప్పుకున్నారు. ఇంక తాళ్ళే లేవు, గీత ఎక్కడ గీస్తుందో చూద్దామని నేను ఓడ ఎక్కాను, ఆవిడ మొహం చూడాలని.

గోడ మీద పటం నిండా ఎరుపే. ఒక్క తెల్ల చుక్క లేదు. గున్నమ్మ దాని ముందు కుర్చీలో కూర్చుని ఉంది.

"తాళ్ళు విప్పేశాం" అన్నాను.

"పటం మర్చిపోదు." గొంతులో కోపం లేదు. "నిన్న డేగ చూసింది, మండలికి పంపింది. వీళ్ళకి ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను. కొయ్యండి ఇప్పుడు! ఎక్కణ్ణించి కోస్తారో కొయ్యండి!"

"గొలుసు దగ్గర" అంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నిన్నటిదాకా ఊళ్ళో మూడో వంతే పోయేది. మిగిలినవాళ్ళు బతికేవాళ్ళు. వాళ్ళకోసం మందు తెచ్చాను. నేను పుట్టిన ఊరని రెట్టింపు అడిగి తెచ్చాను, నీకు తెలుసా? నువ్వు వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ తెచ్చి గీత లోపల నిలబెట్టావు."

దూరంగా ఇనుము ఇనుముని రాసుకున్న చప్పుడు. గొలుసు తాళం విడిపోయింది. లైట్‌హౌస్ తలకాయ మెల్లగా జరిగినట్టు కనిపించింది. జరిగింది అది కాదు, ఊరు. పెద్ద పంటు మీంచి ఒక్కసారిగా కేకలు. సరంగు గొలుసు కొస పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు, ఒక్కడే, ముసలాడు. గొలుసు అతన్ని నీళ్ళలోకి లాక్కుపోయింది. మళ్ళీ పైకి రాలేదు.

నేను కమ్మీ వైపు పరిగెత్తాను. నిచ్చెన అప్పటికే లేచిపోయింది. ఇంజను మొదలైంది.

"నువ్వు కేంద్రం పడవలో పడుకుంటావు" అంది వెనకనించి. "నీకు పంటు లేదు, తాడు లేదు. ఈ ఊళ్ళో తెల్లగా మిగిలింది నువ్వొక్కడివే. నాతో రా. ఊరినంతటినీ ఒక్క మాటతో కదిలించినవాడివి. మండలికి నీలాంటివాళ్ళు కావాలి. నేను కూడా నీ వయసులో, ఇంత కోపంతోనే ఎక్కాను ఈ ఓడ."

అప్పుడు చూశాను. మా అప్ప పంటు ఓడకి దగ్గరగా కొట్టుకొస్తోంది. అప్ప అంచున నిలబడి ఉంది, పిల్లని వీపుకి కట్టుకుని. చేతిలో తాడు చుట్ట.

"దానేసూ! ఒరే దానేసూ!"

విసిరింది. తాడు కమ్మీ మీద నా చేతుల్లోనే పడింది. అప్ప చెయ్యి అలాంటిది.

"వదిలెయ్" అంది గున్నమ్మ.

వదలలేదు. నాకు ఒకటే తోచింది. మందు ఈ ఓడలో ఉంది. ఓడ కూడా ఊరితో కలిస్తే మందు ఎక్కడికి పోతుంది? ఎవరికి పోస్తారు? మాకే కదా! కమ్మీకి రెండు చుట్లు చుట్టి, తోడుముడి వేశాను. "ఇప్పుడు గియ్యి నీ గీత!" అని డేగకేసి అరిచాను.

డేగ ఒకసారి కిందికి దిగి చూసి పైకి లేచింది. గోడ మీద పటంలో ఓడ చుక్క ఎర్రబడింది. ఇంజను ఆగిపోయింది. దూరాన ఎవరో ఆపేశారు.

తర్వాత పెట్టెలోంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. టప్, టప్, టప్. గాజు పగిలే చప్పుడు. నేను పెట్టె మీద పడి గుద్దాను, గోళ్ళు ఊడేలా పీకాను. కింద అంచునుంచి మందు కారి నా మోకాళ్ళు తడిసిపోయాయి.

"ఎర్ర ఓడలో మందు ఉండకూడదు" అంది గున్నమ్మ. "ఒకచోట జనం ఓడ మీద పడి దోచుకున్నారు. అప్పుడు పెట్టాం ఆ నియమం. ఈ మందు ఇక్కడ మిగిలిపోతే దక్షిణాన ఇంకో తేలే ఊరికి తీసుకెళ్ళమన్నారు. వాళ్ళూ నిజాయితీగా ముందే చెప్పారు."

ఆ నియమం రాసింది ఎవరని నేను అడగలేదు.

అష్టమి, పోటు

ఒడ్డు కనపడటం లేదు. పంట్లు అలలకి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. పొద్దుట్నించీ దక్షిణ వరసలో ఎవరో పిల్లల పేర్లు పిలుస్తున్నారు. నేను చుక్కలు చూడలేదు. చూసి ఎవరికి చెప్పాలి?

గున్నమ్మ ముసుగు తీసేసింది. ముసుగు లేకపోతే మా ఊరి ఆడవాళ్ళలాగే ఉంది. నన్ను పిలిచి రాయమంది. మండలికి ఆఖరి సవరణ.

"'ప్రభావిత ఊరిలో పుట్టినవాళ్ళని, వాళ్ళు ఏ హోదాలో ఉన్నా, ఆ ఊరి పనికి ఓడలో పంపరాదు.' అంతే. నా పేరు పెట్టు."

"మీ గురించా, నా గురించా?"

"ఇద్దరికీ సరిపోతుంది."

రాశాను. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. అందుకు నాకు అసహ్యం వేసింది. కబురు పోయిన కాసేపటికే జవాబు వచ్చింది. సవరణ ఆమోదించామనీ, అన్ని సముద్రాల్లోనూ ఇవాళ్టి నుంచే అమలనీ, డాక్టర్ పిల్లా సుదీర్ఘ సేవకి మండలి కృతజ్ఞతలనీ. ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదంది. ఎందుకు ఆనడం లేదో ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం కమ్మీ దగ్గర కప్పీ కిర్రుమంది. తాడు మీద బుట్ట వస్తోంది. అప్ప అవతలనుంచి లాగుతోంది, కనిపిస్తోంది. బుట్టలో గంజి, రెండు గిన్నెలు.

"రెండెందుకే?" అని అరిచాను.

"ఆవిడికీ ఆకలేత్తాది గదరా!"

నేను నిన్నట్నించీ ఏమీ తినలేదు. అక్కడే నిలబడి నా గిన్నె గటగటా తాగేశాను. రెండోది తీసుకెళ్ళి గున్నమ్మ ముందు పెట్టాను.

"ఎవులు పంపినారు?" అంది. ఈసారి నాతోనూ మా యాసే.

"మా అప్ప."

గిన్నెని వేలితో తాకింది. ఇంకా వేడిగా ఉంది. "మాయమ్మకి రానేదు ఇది" అంది. తర్వాత అలవాటు కొద్దీ చుక్క యంత్రం దగ్గరికి లాక్కుని, ఒక బొట్టు వేసి, నన్ను చూసి చెప్పమంది.

ఎర్రగా వచ్చింది.

"సెప్పరా."

"ఎరుపు."

"రాసుకో" అంది. రాశాను.

అప్పుడు గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఆఖరి మెతుకు దాకా తాగింది. నా గిన్నె అప్పటికే ఖాళీ.